నాలుగో గుంట

ఆ పొద్దున పొడుగామె బొటనవేలు పట్టుకుని కాగితం మీద నొక్కింది నేనే. ముందుగా ఈ మాట చెప్పేస్తే, తర్వాత చెప్పేదాన్ని మీరు ఎలా తీసుకున్నా నాకు ఫరవాలేదు.

మీ సంఘం గదిలోకి పిలిచి, "నది ఒడ్డు పోరాటం గురించి చెప్పండి, మీరు నాయకులు కదా" అన్నారు. కాలేజీ పిల్లలు నోటు పుస్తకాలు తెరిచారు. మిల్లులో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు వెనక బల్లల మీద కూర్చున్నారు. నేను నాయకుణ్ణి కాను. నేను చేసిన పనేమిటో మొదట చెబుతాను. నాయకులెవరో మీకే తెలుస్తుంది.

గుంటలో దిగితే అందరికీ భుజాల దాకా వచ్చే గట్టు ఆమెకి ఛాతీ దాకానే వచ్చేది. అందుకే పొడుగామె అనేవాళ్లం. ఆ రోజు పది గంటలకే ఆమె పార వదిలేసి పైకొచ్చింది. మోచేతుల దాకా ఎర్రగా కమిలిపోయి, బొబ్బలెక్కి ఉన్నాయి. మెడ మీద కూడా.

మేస్త్రి దూరంగానే నిలబడ్డాడు. "గజ్జి తెచ్చుకుని పనిలోకొస్తే మిగతావాళ్లకి అంటుకోదా? పో, తగ్గాక రా."

"గజ్జి కాదు మేస్త్రిగారూ, ఈ మట్టే. ఎండ తగిలిందంటే నిప్పు పెట్టినట్టుంటోంది."

"అయితే ఎండని మానెయ్యమందామా?"

ఒకరిద్దరు నవ్వారు. భయంతో నవ్వే నవ్వు ఎలా ఉంటుందో మీలో పనిచేసేవాళ్లకి తెలుసు.

"పోయేముందు సాక్షి వేలు వేసి పో" అన్నాడు మేస్త్రి.

నా పని పరీక్షకి పంపే సీసాల్లో మట్టి నింపడం. నింపి, మూత బిగించి, కాగితం అంటిస్తాను. ఎక్కడ తీశాం, ఎంత లోతులో తీశాం, ఏ రోజు తీశాం అని కాగితం మీద రాస్తాను. కింద నా సంతకం. దాని కింద, తవ్వినవాళ్లలో ఒకరి సాక్షి సంతకం. సీసాలు నింపేవాడు మోసం చేయకుండా ఆ నిబంధన పెట్టారట. తవ్వేవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు, అందుకని వేలిముద్ర.

సిరా దిండు ముందుకు జరిపాను. ఆమె కుడి బొటనవేలు నొక్కగానే బొబ్బ చిట్లింది. చర్మం కాగితానికి అంటుకుని వచ్చేసింది.

"ఎడమది వేయించు" అన్నాడు మేస్త్రి.

"అయ్యో, నీ కాగితం పాడైంది బాబూ. ఇంకోటి ఉందా?" అంది పొడుగామె.

ఉంది. కొత్తది తీశాను. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని నేనే నొక్కాను. ముద్ర చక్కగా పడింది.

మేం తవ్వుతున్నది పాత కర్రల ఫ్యాక్టరీ స్థలం. రైలు పట్టాల కింద వేసే దుంగల్నీ, కరెంటు స్తంభాల్నీ పెద్ద పెద్ద ఇనప గొట్టాల్లోకి తోసి, క్రియోసోట్ అనే నల్ల నూనె పట్టించేవాళ్లు. అలా యాభై ఏళ్లు. దుంగకి చెద పట్టకుండా చేసే ఆ నూనె మనుషుల్ని పట్టుకుంది. ఫ్యాక్టరీ మూసేసి యజమానులు చేతులు దులుపుకుని పోయారు. నూనె పోలేదు. భూమిలోకి ఇంకి, మెల్లగా ఏటి వైపు జారింది. చేపని కోస్తే తారు వాసన. పడవల అడుగున జిడ్డు. గొడవలు జరిగాయి, దరఖాస్తులు పెట్టారు, ఎన్నో ఏళ్లకి పైనుంచి ఆజ్ఞ వచ్చింది. నల్ల మట్టినంతా తవ్వి, లారీల్లో దూరంగా ఉన్న బట్టీకి తీసుకెళ్లి కాల్చాలి. ఆ చోట మంచి ఇసక నింపాలి. ఆ పని ఒక కంట్రాక్టరు తీసుకున్నాడు.

మొదటి నెల లారీలు నిజంగానే తిరిగాయి. తర్వాత సెలవు రోజుల్లో, తవ్వేవాళ్లెవరూ లేనప్పుడు, ఎక్కడినుంచో డ్రైవర్లు వచ్చి పెద్ద యంత్రంతో కరకట్ట పొడుగునా గుంటలు తీశారు. మొత్తం ఏడు. రెండు నిలువుల లోతు. నల్ల మట్టి అందులోకి తోసి, పైన నాలుగడుగుల ఇసక కప్పారు. దూరం మోసుకుపోయి కాల్చడం కంటే పక్కనే పాతెయ్యడం సులువు కదా. కరకట్టకి అవతల పక్కనే మా కాలనీ, మేం నీళ్లు తోడుకునే బోర్లు.

సైటు ఇంజినీరు నన్ను పిలిచి పెన్సిలూ, సైటు పటమూ ఇచ్చాడు. "ఏమయ్యా, ఈ ఏడు చోట్లా గుర్తు పెట్టుకో. పొరపాటున అక్కడ సీసా నింపేవు సుమా."

గుర్తులు పెట్టాను. కరకట్ట నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి మరీ పెట్టాను. పని అంటే నాకు శుభ్రత ఎక్కువ. మిగతా చోట్ల కూడా తొమ్మిదడుగుల లోతులో తీయాల్సిన మట్టిని, పైన పోసిన ఇసకలోనే అడుగు లోతులో తీసి, కాగితం మీద తొమ్మిది అని రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఇంజినీరు మెచ్చుకునేవాడు.

నేను ఎవరి తమ్ముణ్ణో కూడా చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో మా అన్న పద్దెనిమిదేళ్లు నూనె గొట్టాల దగ్గర పనిచేశాడు. దగ్గి దగ్గి పోయాడు. అన్న పోయాక మా వదిన నాలుగిళ్లలో పాచిపని చేసి నన్ను చదివించింది. నేను సీసాల ఉద్యోగంలో చేరగానే మేస్త్రికి చెప్పి వదినని తవ్వే ముఠాలో పెట్టించాను. "మా మరిది మాట చెల్లుతుంది" అని ఆమె అందరితో చెప్పుకుని మురిసిపోయింది. ముఠాలో ముప్ఫైమంది ఆడవాళ్లు. రెండు నెలల్లో వదినే వాళ్లకి పెద్దయింది. ఎవరు పెట్టిందీ కాదు, అలా అయింది.

సీసాల పెట్టెలతో పాటు ఒక కాగితం వచ్చింది, ఇంగ్లీషులో. ఈ నూనె ఒంటికి తగిలాక ఎండ సోకితే చర్మం కాలుతుంది, చేతికి తొడుగులూ నిండు చేతుల చొక్కాలూ ఇవ్వాలి, కిరసనాయిలుతో మాత్రం ఎప్పుడూ కడుక్కోకూడదు, నూనె మరింత లోపలికి దిగుతుంది అని రాసుంది. చదివి ఇంజినీరుకి చూపించాను. "అది మన కోసం కాదులే" అన్నాడు. సరేనన్నాను. సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం పని దిగాక కడుక్కోమని కంట్రాక్టరు కంపెనీ ఒక డ్రమ్ము పెట్టించింది. కిరసనాయిలు. ముప్ఫైమందీ ఆ డ్రమ్ము చుట్టూ చేరి చేతులూ కాళ్లూ పాముకునేవాళ్లు. జిడ్డు వదిలిందని సంతోషించేవాళ్లు. మా వదిన కూడా. నేను ఆ పక్కనుంచే ఇంటికి పోయేవాణ్ణి, సంచి భుజాన వేసుకుని.

పొడుగామెని పంపేసిన సాయంత్రం ఆడవాళ్లంతా వదిన ఇంట్లో చేరారు. ఒక్కటే గది. చోటు చాలక సగంమంది గుమ్మంలో నిలబడ్డారు. పొడుగామె తడిగుడ్డలు చుట్టుకున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఆస్పత్రి నర్సు ఆమెని చూసి, "ఇది జబ్బు కాదు, కాలిన గాయం. మీరేం ముట్టుకుంటున్నారు అసలు?" అని అడిగిందట.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఆ మట్టిలో ఏముందో నీకు తెలీదా? రోజూ సీసాలకెత్తుతావు."

"పరీక్ష చేసేది వేరేవాళ్లు వదినా."

"పరీక్షలో ఏమొచ్చిందో నీకు చెప్పరా?"

"బాగుందనే వస్తోంది."

అది అబద్ధం కూడా కాదు చూడండి. ఏట్లోంచి తెచ్చిన మంచి ఇసకని పరీక్ష చేస్తే బాగుందనే వస్తుంది.

"ఒంటి మీద బొబ్బలొస్తుంటే బాగుండడం ఏంటి?" అంది గుమ్మంలోంచి ఒకామె. "గవర్నమెంటు తనిఖీ ఆఫీసరు దగ్గరికే పోదాం. మందులిప్పించమందాం. మట్టి మళ్లీ చూడమందాం."

"పోదాం. నువ్వూ రా మరిదీ, నీకు మాట్లాడ్డం వచ్చు" అంది వదిన.

"రేపు నాకు పనుంది" అన్నాను.

పని నిజంగానే ఉంది. వీళ్లు వస్తున్న సంగతి మేస్త్రికి ఎలాగో తెలిసింది. మర్నాడు ఇంజినీరు నన్ను సీసాల పెట్టెతో సహా కారెక్కించుకుని అదే ఆఫీసుకి తీసుకెళ్లాడు. ఆఫీసరు బల్లకి అటు పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ముప్ఫైమందీ వచ్చారు. అయిదుగురినే లోపలికి రానిచ్చారు. ముందు వదిన, వెనక పొడుగామె. నన్ను ఆ కుర్చీలో చూసి వదిన ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆఫీసరు వైపు చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పింది. తడబడలేదు, ఏడవలేదు. అంత బాగా మాట్లాడగలదని నాకే తెలియదు.

ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. పెట్టెలోంచి సీసాలు తీయించి బల్లమీద వరసగా పెట్టించాడు. "చూడమ్మా. నలభై సీసాలు. అన్నీ శుభ్రంగా ఉన్నాయనే వచ్చింది. తొమ్మిదడుగుల లోతులో మట్టి. మీ కళ్లముందే తీశారని కింద సాక్షి వేలిముద్రలున్నాయి. ఇవి మీవి కావా?"

వదిన వంగి చూసింది. పొడుగామె తన ముద్రని తనే గుర్తుపట్టింది. "నాదే అయ్యా. కానీ..."

"కానీ ఏమిటి? అప్పుడు నిజమని వేలు వేశారు. ఇప్పుడు కాదంటున్నారు. అంటే అప్పుడు అబద్ధపు సాక్ష్యం చెప్పారన్నమాట. అది నేరం, తెలుసా?"

"చదువు లేనివాళ్లు సార్, ఎవరో ఎక్కించి పంపించారు" అన్నాడు ఇంజినీరు, జాలి పడుతున్నట్టు.

అప్పుడు వదిన నన్ను అడిగింది. "మరిదీ, ఆ కాగితం మీద ఏం రాశావు?"

ఎంతమంది ముందు అడిగింది! ఇంజినీరు నన్నే చూస్తున్నాడు. నా ఉద్యోగం, నా గది, రేపటి రోజు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. పొడుగామె చేతులు మాత్రం తిరగలేదు. అవి ఎదురుగానే ఉన్నాయి.

"రూలు ప్రకారమే రాశాను వదినా" అన్నాను.

అయిదుగురూ తలలు వంచుకుని బయటికెళ్లారు. ఆఫీసరు కేలెండరు చూసుకుని, పది రోజుల్లో వచ్చి ఆఖరి తనిఖీ చేసి పని పూర్తయిందని సంతకం పెడతానన్నాడు. ఆ సంతకం పడితే కంచె తీసేస్తారు, ముఠాని పంపేస్తారు, ఆ ఏడు గుంటలూ మా బోర్ల పక్కన అలాగే ఉండిపోతాయి. ఎవడి బొబ్బకీ ఎవడూ జవాబుదారీ కాడు.

మన మీదికి మనల్నే ఎలా ఉసిగొల్పుతారో మీకు కొత్తగా చెప్పాలా? ఆఫీసు మెట్లు దిగక ముందే ఆడవాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారట. "నువ్వెందుకు వేశావు వేలు?" "నువ్వు వెయ్యలేదా?" "పొడుగుదాని వల్లే ఇదంతా, ఊరుకుంటే పోయేది." "రేపు జైల్లో పెడితే నా పిల్లల్ని ఎవరు చూస్తారు?" తమకే తెలియని అబద్ధానికి తామే సాక్షులమయ్యామని వాళ్లకి తల కొట్టేసినట్టయింది. నా పాపంలో నేను వాళ్ల వేళ్లు ముంచాను. సిగ్గు మాత్రం వాళ్లే పడ్డారు.

ఆ తర్వాత వదిన నాతో మాట్లాడలేదు. అన్నం కంచం మాత్రం రోజూ లాగే మా గది మెట్టు మీద పెట్టి, పైన మూత పెట్టి వెళ్లిపోయేది. తిట్టి ఉంటే బాగుండేది. ఆరో రోజు కంచం ఎత్తుతుంటే అంచుకి కిరసనాయిలు వాసన తగిలింది. తల ఎత్తి చూస్తే వదిన వెళ్లిపోతోంది. రెండు చేతులకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆ చేతులతోనే వండింది.

నేనా అన్నం తినలేకపోయాను. సంచిలోంచి ఇంగ్లీషు కాగితం తీశాను, పటం తీశాను. మర్నాడు సెలవు. ఏటి ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డులో మధ్యాహ్నం కాలనీవాళ్లు సమావేశం పెట్టుకున్నారని తెలుసు. నన్ను పిలవలేదు. వెళ్లాను.

అరవైమంది పైన ఉన్నారు. బోర్లా వేసిన పడవ మీద వదిన కూర్చుంది.

"ఎవరు పంపారు?" అన్నాడు పడవలతను. షెడ్డు అతనిదే. చేపలు తారు వాసన కొట్టడం మొదలయ్యాక పడవల పని సగం పోయింది అతనికి.

"ఎవరూ పంపలేదు. చెప్పడానికొచ్చాను."

అంతా చెప్పాను. అడుగు లోతు సంగతి, తొమ్మిది అని రాసిన సంగతి, ఏడు గుంటల సంగతి. చివరికి కిరసనాయిలు సంగతి. కాగితం చదివి తెలుగులో చెప్పాను. చదువుతున్నంతసేపూ ఆడవాళ్లు తమ చేతుల్ని తామే చూసుకున్నారు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది నీ దగ్గర ఆ కాగితం?" అని అడిగింది వెనకనుంచి ఒకామె.

"మొదటి రోజు నుంచి."

పడవలతను నా చొక్కా పట్టుకున్నాడు. "వీణ్ణి ఏట్లో ముంచుదాం. ఆ నూనె రుచి వీడూ చూస్తాడు."

"కొట్టండి! ఇంటి కూడు తిని ఇంటికే..." అని ఎవరో అరిచారు.

"కొట్టడం ఎక్కడికీ పోదు" అంది వదిన, పడవ మీదనుంచి లేవకుండానే. "చొక్కా వదులు. మాట్లాడనీ."

అప్పుడు పొడుగామె ముందుకొచ్చింది. ఆమె నాకంటే జానెడు ఎత్తు. పైనుంచి నా మొహంలోకి చూసింది.

"నా వేలు పట్టుకుని నొక్కావు చూడు. అప్పుడు నీకేమనిపించింది?"

అబద్ధం చెప్పడానికి ఎన్నో మాటలున్నాయి. బాధేసిందనొచ్చు. భయమేసిందనొచ్చు.

"కాగితం మార్చాలనిపించింది" అన్నాను.

పొడుగామె తల ఊపింది, తనకి తెలిసిందే నా నోట విన్నట్టు. వెళ్లి తన చోట కూర్చుంది.

అప్పుడు మొదలైంది వాదన. పేపరువాళ్ల దగ్గరికి పోదామన్నారు కొందరు. "ఏం చూపిస్తాం వాళ్లకి? మన వేలిముద్రలా?" అన్నారు ఇంకొందరు. పై అధికారులకి రాద్దామన్నాడొకడు. ఇప్పటికే రాసిన దరఖాస్తులు ఏమయ్యాయో చెప్పమని పడవలతను కసిరాడు. ఒక ముసలాయన ఊరికే ఉండడం మంచిదన్నాడు. ఊరికే ఉంటే ఏమవుతుందో మా ఇంటి వైపు చూడమంది వదిన. మా అన్న పాడెని ఆ ముసలాయన కూడా మోశాడు.

"కాగితం వాళ్ల చేతిలో ఉంది. అక్కడ మనం నెగ్గలేం" అంది వదిన. "మట్టి మన చేతిలో ఉంది. తవ్వింది మనం, మళ్లీ తవ్వగలం. ఆఫీసరు సంతకం పెట్టడానికి వస్తాడు కదా, ఆయన కళ్లముందే తవ్వుదాం. ఎక్కడ తవ్వాలో ఇతనికి తెలుసు."

"ఇతన్నెలా నమ్ముతాం?"

"నమ్మక్కర్లేదు. చూపించమందాం. తవ్వితే తెలుస్తుంది."

నన్ను క్షమించిన మాట కాదది. పనికొస్తానా రానా అని చూసిన మాట. అంతకంటే నాకు ఎక్కువ రావాల్సిందీ లేదు.

తనిఖీకి ముందు రోజు ఇంజినీరు, "టెంటు ఎక్కడ వేయిద్దాం? చదునుగా ఉండే చోటు చూడవయ్యా" అన్నాడు. చదునైన చోటు చూపించాను. నాలుగో గుంటకి పదడుగుల దూరంలో. ఇసక కప్పిన చోటు చదునుగానే ఉంటుంది కదా, అంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? కుర్చీలు వేశారు, బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు, టీ కప్పులు పెట్టారు. మా ఇంజినీరు కొత్త బూట్లేసుకున్నాడు.

ఆఫీసరు కలం తీసే వేళకి కరకట్ట మీద తలలు కనిపించాయి. ముందు ముప్ఫైమంది ఆడవాళ్లు. మొగుళ్ల నిండు చేతుల చొక్కాలు తొడుక్కున్నారు, చేతులకి మందపాటి ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నారు, మొహాలకి గుడ్డలు చుట్టుకున్నారు. ఇంగ్లీషు కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాటించారు. పారలూ పలుగులూ భుజాన. వెనక కాలనీ అంతా. పిల్లల్ని కట్టకి అవతలే ఉంచారు.

"ఏమిటిది? మేస్త్రీ!" అని అరిచాడు ఇంజినీరు.

మేస్త్రి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "ఈ అవతారాలేంటే? పదండి వెనక్కి!"

"గజ్జి ఉంది మేస్త్రిగారూ, అంటుకుంటుంది. జరుగు" అంది పొడుగామె. కట్లు కట్టిన రెండు చేతులూ ముందుకు చాచి తిన్నగా నడిచింది. వాడు జరిగాడు. ముప్ఫైమందీ పకపకా నవ్వారు. ఈ నవ్వు వేరు.

వదిన నా వైపు చూసింది. నేను టెంటులోంచి బయటికొచ్చి, కట్ట నుంచి అడుగులు కొలుచుకుంటూ నడిచి ఆగాను. "ఇక్కడ" అన్నాను. ఇంజినీరు నన్ను తిడుతున్న తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. మొదటి పార ఇసకలో దిగింది.

తవ్వడం వాళ్లకి కొత్తా? పదిమంది తవ్వుతుంటే పదిమంది తోడి పోశారు, పదిమంది చుట్టూ నిలబడ్డారు. రెండడుగులు మంచి ఇసక. మూడడుగులు మంచి ఇసక. చూసేవాళ్లలో గొణుగుడు మొదలైంది. పడవలతను నా పక్కకొచ్చి నిలబడ్డాడు, పారిపోకుండా. నాలుగో అడుగు దగ్గర వాసన కొట్టింది. ఆ వాసన అక్కడున్న ముసలివాళ్లందరికీ తెలుసు. ఒకామె "మా ఆయన చొక్కా వాసన" అని ఏడ్చేసింది. ఇంకో రెండు పారలు పడ్డాక నల్లటి నూనె బుడబుడమంటూ ఊరి, గుంట అడుగంతా పరుచుకుంది. ఆఫీసరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"పాత ఫ్యాక్టరీది సార్, ఎక్కడో కాస్త మిగిలిపోయి ఉంటుంది" అన్నాడు ఇంజినీరు.

"మిగిలింది కాదు, పాతింది. ఇలాంటివి ఇంకా ఆరున్నాయి" అన్నాను. పటం ఆఫీసరు ముందు పరిచాను. "గుర్తులు పెట్టింది నేనే. నలభై సీసాల మీదా లోతు దొంగలెక్క రాసిందీ నేనే. వాళ్లకి తెలీదు."

"ఇలా చెబితే కుదరదు. పద్ధతి ప్రకారం నమూనా తీయాలి, సాక్షి కావాలి..." అని సణిగాడు ఆఫీసరు.

పద్ధతి ప్రకారమే తీశాను. సీసా నింపాను. ఎంత లోతో టేపు పట్టుకుని వదినే చూసింది. అయిదడుగులు అని రాసి, రాసింది అందరికీ వినపడేలా గట్టిగా చదివాను. సంతకం పెట్టాను. సిరా దిండు తెరిచాను.

"ఆగు" అంది వదిన. "ఒక్కరి వేలు వేస్తే రేపు ఆ ఒక్కర్నే పట్టుకుని నువ్వే దొంగవంటారు. అందరం వేస్తాం."

సీసా కాగితం అరచేయంత ఉంటుంది. అందరి వేళ్లూ ఎక్కడ పడతాయి? వదిన టెంటులోకి నడిచి బల్ల మీది తెల్లగుడ్డ లాగింది. టీ కప్పులు ఇసకలో పడ్డాయి. ఆ గుడ్డ నేల మీద పరిచారు. సంచులు విప్పుకుని ఒక్కొక్కరే వచ్చారు. తవ్వినవాళ్లు, చూసినవాళ్లు, ఆ రోజు ఆఫీసు మెట్ల మీద తిట్టుకున్నవాళ్లు, ఊరికే ఉందామన్న ముసలాయన. దిండులో సిరా అయిపోతే నీళ్లు చల్లి తడిపారు. పొడుగామె వంతు వచ్చేసరికి ఆమె చేతులకి కట్లు. ఆమె ఆఫీసరు ఎదురుగా నిలబడి, "నా వేలు ఇప్పటికే ఒకసారి తీసుకున్నారు. ఈసారి నోటితో చెబుతున్నా. నేను చూశాను" అంది. ఆ గుడ్డలోనే సీసాని చుట్టి ఆఫీసరు చేతుల్లో పెట్టారు.

ఆయన సంతకం పెట్టలేదు. అలా అని మా పక్షాన నిలబడనూ లేదు. పైవాళ్లని కనుక్కోవాలంటూ సీసాతో, పటంతో సహా జీపెక్కాడు. ఆ జీపు అటు వెళ్లిందో లేదో ఇటునుంచి పోలీసు వ్యాను వచ్చింది. ఎవరు ఫోను చేశారో చెప్పనక్కర్లేదు.

"కంపెనీ స్థలంలో చొరబడి తవ్వింది ఎవరు?" అని అడిగాడు పోలీసాయన.

నాకు ఒక్కసారిగా హాయిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, హాయిగానే. ఆరు నెలలుగా మోస్తున్నది దించుకునే చోటు దొరికిందనుకున్నాను. ముందుకెళ్లి రెండు చేతులూ చాచాను. "నేను సార్. నేనే చేయించాను. నన్ను తీసుకెళ్లండి."

వదిన నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "ఇతనికి పార పట్టుకోవడమే రాదు సార్, చేతులు చూడండి. తవ్వింది మేం." ఆమె వెనక పదకొండుమంది వచ్చి నిలబడ్డారు. అడిగితే ఇంకా వచ్చేవాళ్లే, వ్యానులో అంతే పట్టారు.

"వదినా, నన్ను పోనీ. నేను చేసిందానికి..."

ఆమె గొంతు తగ్గించింది. నాకు మాత్రమే వినపడేలా అంది. "జైల్లో కూర్చుంటే నీ మనసు తేలికవుతుంది. తెలుసు. నీకా తేలిక ఇప్పుడు ఇవ్వం. మిగతా ఆరూ ఎక్కడున్నాయో మన వైపు నీకొక్కడికే తెలుసు. బయటుండి చూపించు."

పన్నెండుమందీ వ్యానెక్కారు. నినాదాలు ఇచ్చారని పేపర్లో రాశారు. నాకు గుర్తున్నది వేరు. బొబ్బల చేతులతో వ్యాను కడ్డీ పట్టుకోలేక వదిన మోచేతులతో పట్టుకుని ఎక్కింది. కింద ఉన్నవాళ్లు నడుం పట్టి ఎత్తారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గరికెళ్లాను. తాళం వేసి ఇద్దరు పోలీసుల్ని పెట్టారు. ఎదురుగా మా కాలనీ ఒక్కటే కాదు. కింది రేవు పడవలవాళ్లు వచ్చారు, రంపపు మిల్లువాళ్లు వచ్చారు, మీ కాలేజీ నుంచి కూడా కొందరు వచ్చారు, వాళ్లలో ఒకరిద్దరు ఇప్పుడీ గదిలోనే ఉన్నారు. మోకాళ్ల దాకా వచ్చే బూట్లూ, చేతి తొడుగులూ ఎక్కడెక్కడినుంచో అడిగి తెచ్చారు. "మా వాళ్లని వదలండి, గుంటలు తెరవండి" అని అరుస్తున్నారు. వదిన నిలబడాల్సిన చోట పొడుగామె నిలబడి ఉంది.

నన్ను చూసి దారి ఇచ్చారు. ఎవరూ పలకరించలేదు. ఒకడు నా వైపు ఉమ్మేశాడు. తుడుచుకోలేదు.

"రెండోది ఎక్కడ?" అంది పొడుగామె.

"గేటుకి కుడిపక్క, కంచెకి ఇరవై రెండడుగులు."

ఆమె గుంపు వైపు తిరిగి ఆ అంకె గట్టిగా చెప్పింది. రెండు వందల మందీ కంచె వైపు కదిలారు. పోలీసు విజిలు మోగుతూనే ఉంది. ఎవరో నా చేతిలో పార పెట్టి, పట్టుకోవడం ఎలాగో చూపించకుండానే ముందుకు తోశారు. నన్ను క్షమించారా అని నేను ఎవర్నీ అడగలేదు. అడిగే తీరిక ఎవరూ ఇవ్వలేదు. కంచె వంగుతోంది, నేనూ భుజం ఆనించాను.